కాలేజ్ బాస్కెట్‌బాల్‌లో ఎవరు గొప్ప అని కొట్టుకునేవాళ్లకి లారెన్స్ ట్రిప్: ఆలెన్ ఫీల్డ్‌హౌస్, డిబ్రూస్ సెంటర్ రివ్యూ

ముందే చెప్పేస్తాను, దీనికి టికెట్ లేదు. యూనివర్సిటీ ఆఫ్ కాన్సస్ క్యాంపస్‌లో ఆలెన్ ఫీల్డ్‌హౌస్, దాన్ని ఆనుకుని బూత్ హాల్ ఆఫ్ అథ్లెటిక్స్ అనే మ్యూజియం, పక్కనే బాస్కెట్‌బాల్ మొట్టమొదటి రూల్స్ పెట్టిన డిబ్రూస్ సెంటర్, ఈ మూడూ గేమ్ లేని రోజున ఊరికే వెళ్లి చూసి రావచ్చు. కాన్సస్ సిటీ వైపు ఉండేవాళ్లకి గంటలోపు డ్రైవ్. ఇంత చవకలో ఇంత మంచి గొడవ ఇంకెక్కడా దొరకదు.

గొడవ అని ఎందుకంటున్నానంటే, ఈ చోటు అందంగా ఉంటుందా, ఫొటోలు బాగా వస్తాయా అన్నది నా రివ్యూలో చిన్న విషయం. కాలేజ్ బాస్కెట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లు ఇద్దరు కలిస్తే పది నిమిషాల్లో "ఆల్‌టైమ్ బెస్ట్ కోచ్ ఎవరు" దగ్గరికి వచ్చేస్తారు, అక్కణ్నించి "ఆల్‌టైమ్ బెస్ట్ ప్లేయర్" దగ్గరికి, తర్వాత ఒకళ్ల కాలేజీని ఒకళ్లు తిట్టుకోవడం దగ్గరికి. సచినా కోహ్లీనా అని మనవాళ్లు చేసే రచ్చే, కాకపోతే ఇక్కడ కోచ్‌లు కూడా బరిలో ఉంటారు, ఎందుకంటే కాలేజీలో ప్లేయర్లు వచ్చి పోతారు, కోచ్ మాత్రం ముప్పై నలభై ఏళ్లు ఉంటాడు. ఆ గొడవకి పనికొచ్చే సాక్ష్యాలన్నీ ఒకే చోట గోడలకి వేలాడుతూ ఉంటాయి లారెన్స్‌లో. నేను వెళ్లింది మా బావమరిదితో. వాడు డ్యూక్‌లో మాస్టర్స్ చేశాడు, అక్కడి మాజీ కోచ్ మైక్ షషెఫ్‌స్కీ, అందరూ పిలిచే పేరు కోచ్ కే, అంటే వాడికి దేవుడు. వెంట మా అమ్మాయి, స్కూల్ టీమ్‌లో పాయింట్ గార్డ్. ఈ ముగ్గురి కాంబినేషన్ వల్ల నాకు ఈ చోటు విలువ ఇంకా బాగా తెలిసింది.

డిబ్రూస్ సెంటర్‌తో మొదలుపెట్టండి. 1891 డిసెంబర్‌లో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ టైప్ చేయించి జిమ్‌లో అంటించిన 13 రూల్స్ ఇక్కడే ఉన్నాయి. రెండే కాగితాలు. 2010లో న్యూయార్క్ వేలంలో డేవిడ్ బూత్ అనే కాన్సస్ పూర్వ విద్యార్థి 43 లక్షల డాలర్ల పైచిలుకు పెట్టి కొన్నాడు. 2016 నుంచి వాటికి ఈ బిల్డింగే ఇల్లు. లైటు తక్కువగా ఉంచి, గ్లాసు వెనకాల పెట్టారు. పిల్లలు రెండు నిమిషాల్లో "అయిపోయిందా" అంటారు, నిజం చెప్పాలంటే చాలామంది పెద్దవాళ్లూ అంతే. కానీ ఆ రెండు కాగితాలూ పూర్తిగా చదవండి. బంతి పట్టుకుని పరిగెత్తకూడదు అని ఉంది. 15 నిమిషాల చొప్పున రెండు హాఫ్‌లు, మధ్యలో 5 నిమిషాలు రెస్ట్ అని ఉంది. ఒక టీమ్ వరసగా మూడు ఫౌల్స్ చేస్తే అవతలివాళ్లకి ఒక గోల్ ఇవ్వాలని ఉంది. అంపైర్ ఏం చెయ్యాలో ఉంది, రెఫరీ ఏం చెయ్యాలో ఉంది. కోచ్ అనే మనిషి ప్రస్తావనే లేదు. మనం ఏళ్ల తరబడి గొంతు చించుకుని వాదించుకునే ఉద్యోగం ఈ ఆట పుట్టినప్పుడు లేనే లేదు!

అక్కడితో అయిపోలేదు. ఆ నైస్మిత్ తర్వాత కాన్సస్‌కి వచ్చి 1898 నుంచి 1907 దాకా వీళ్ల టీమ్‌కి కోచ్‌గా ఉన్నాడు. రికార్డు 55 గెలుపులు, 60 ఓటములు. కాన్సస్ చరిత్రలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్న కోచ్ ఒక్కడే, ఆ ఒక్కడూ ఈ ఆట కనిపెట్టినవాడు. మా బావమరిది ఇది చదివి నవ్వాపుకోలేకపోయాడు. "బావా, మీ కాన్సస్ వాళ్లకి శకునమే బాలేదు" అన్నాడు. నేనేమీ అనలేదు, బయట విగ్రహం దగ్గరికి తీసుకెళ్లాను.

ఫీల్డ్‌హౌస్ ముందు ఉండే ఆ విగ్రహం ఫాగ్ ఆలెన్‌ది. అసలు పేరు ఫారెస్ట్ ఆలెన్. కుర్రతనంలో బేస్‌బాల్ అంపైరింగ్ చేసేటప్పుడు ఓడల సైరన్ (ఫాగ్‌హార్న్) లాంటి గొంతుతో అరిచేవాడని ఆ పేరు పడిపోయింది. నైస్మిత్ దగ్గర ఆడిన కుర్రాడు. బాస్కెట్‌బాల్‌కి కోచింగ్ ఏమిటి, ఆడుకోవాలంతే అని గురువు అతనితో అన్నాడని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. ఆ శిష్యుడు వినలేదు. కెరీర్ మొత్తంలో 746 మ్యాచ్‌లు గెలిచాడు, కోచ్‌ల సంఘం పెట్టాడు, 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లోకి ఈ ఆట వెళ్లడానికి కాళ్లరిగేలా తిరిగినవాళ్లలో ముఖ్యుడు. కోచింగ్ అనేది ఒక వృత్తి అని నిలబెట్టింది ఆయనే అంటే పెద్ద అతిశయోక్తి కాదు.

ఇక్కడ మీరు కాసేపు ఆగి లెక్క వేసుకోవాల్సిన విషయం ఒకటుంది. ఆలెన్ దగ్గర 1922, 1923 టీముల్లో పెద్దగా ఆడే అవకాశం రాని ఒక రిజర్వ్ ప్లేయర్ పేరు అడాల్ఫ్ రప్. కెంటకీ వెళ్లి 876 మ్యాచ్‌లు గెలిచి గురువు రికార్డు దాటేశాడు. 1952లో ఆలెన్ ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) టైటిల్ గెలిచినప్పుడు బెంచ్ మీద కూర్చున్న ఇంకో రిజర్వ్ పేరు డీన్ స్మిత్. నార్త్ కరోలినా వెళ్లి 879తో 1997లో రప్‌ని దాటాడు. అంటే మెన్స్ బాస్కెట్‌బాల్‌లో అత్యధిక గెలుపుల రికార్డు గురువు నుంచి ఒక శిష్యుడికి, అతని నుంచి ఇంకో శిష్యుడికి వెళ్లింది, ముగ్గురూ ఈ ఊళ్లో ఒకే కాలేజీకి ఆడి చెమటోడ్చిన బాపతు. ఆ తర్వాత 2007లో బాబ్ నైట్ దాన్ని లాక్కున్నాడు. 2011లో నైట్ దగ్గర ఆర్మీ టీమ్‌లో ఆడిన మైక్ షషెఫ్‌స్కీ, అంటే కోచ్ కే, తన గురువుని దాటి చివరికి 1,202 దగ్గర ఆపాడు. రెండు గురుశిష్య పరంపరలు, అంతే. మధ్యలో ఎవరూ లేరు. ఈ ఒక్క విషయం తెలుసుకుని మ్యూజియం లోపలికి వెళితే ప్రతి ఫొటో కొత్తగా కనిపిస్తుంది.

ఈ చెట్టుకి ఇంకా కొమ్మలున్నాయి. 1957 ఫైనల్లో కాన్సస్‌ని ఓడించిన నార్త్ కరోలినా కోచ్ ఫ్రాంక్ మెగ్వైర్, మరుసటేడే కాన్సస్ కుర్రాడు డీన్ స్మిత్‌ని అసిస్టెంట్‌గా తీసుకున్నాడు. స్మిత్ దగ్గర ఆడిన లారీ బ్రౌన్ 1988లో కాన్సస్‌కి టైటిల్ తెచ్చాడు, ఎన్‌సీఏఏ, ఎన్‌బీఏ టైటిళ్లు రెండూ గెలిచిన కోచ్ ఈ రోజుకీ ఆయనొక్కడే. స్మిత్ దగ్గర అసిస్టెంట్‌గా చేసిన రాయ్ విలియమ్స్ కాన్సస్‌లో 15 ఏళ్లు ఉండి 2003లో మళ్లీ నార్త్ కరోలినాకే వెళ్లిపోయాడు, ఇక్కడ పెద్దవాళ్లు ఆ మాట ఎత్తితే ఇంకా మూతి ముడుస్తారు. బ్రౌన్ దగ్గర కాన్సస్‌లో పనిచేసిన ఇద్దరు అసిస్టెంట్లు, బిల్ సెల్ఫ్, జాన్ కాలిపారి, 2008 ఫైనల్లో ఎదురెదురుగా నిలబడ్డారు, సెల్ఫ్ కాన్సస్ కోచ్‌గా, కాలిపారి మెంఫిస్ కోచ్‌గా. 2.1 సెకన్లు మిగిలుండగా కాన్సస్ ప్లేయర్ మారియో చామర్స్ త్రీ పాయింటర్ కొట్టి ఓవర్‌టైమ్‌కి తీసుకెళ్లాడు, కాన్సస్ 75–68తో గెలిచింది.

ఇప్పుడు బ్యానర్ల సంగతి. ఫీల్డ్‌హౌస్ లోపలికి అడుగుపెట్టి తలెత్తితే 1952, 1988, 2008, 2022 ఎన్‌సీఏఏ టైటిళ్లు కనిపిస్తాయి. వాటితో పాటు 1922, 1923 అని ఇంకో రెండు. ఎన్‌సీఏఏ టోర్నమెంట్ మొదలైంది 1939లో కదా, మరి ఇవేంటి? హెల్మ్స్ ఫౌండేషన్ అనే సంస్థ చాలా ఏళ్ల తర్వాత వెనక్కి తిరిగి చూసి, ఆయా సంవత్సరాలకి ఛాంపియన్లు వీళ్లని ప్రకటించింది. కోర్టు మీద ఎవరినీ ఓడించి గెలిచిన టైటిళ్లు కావవి. మా బావమరిది వదలుతాడా? "కాగితం మీద ఇచ్చిన టైటిళ్లకి కూడా గుడ్డ కుట్టించారా బావా!" అని ఒకటే ఎగతాళి. నా అభిప్రాయం అడిగితే, వేలాడదీయడం తప్పు కాదు, మిగతా నాలుగింటితో ఒకే వరసలో లెక్కపెట్టి ఆరు అనడం తప్పు. ఏ కాలేజీ మ్యూజియమైనా సొంత డబ్బా కొట్టుకుంటుంది, ఇది కూడా కొట్టుకుంటుంది, మీకు ఆ మాత్రం జాగ్రత్త ఉండాలి.

అక్కడే స్టాండ్స్‌లో ఖాళీ బెంచీల మీద కూర్చుని అసలు వాదన మొదలైంది. వాడి క్యాండిడేట్ కోచ్ కే, ఐదు టైటిళ్లు, 13 ఫైనల్ ఫోర్‌లు (టోర్నమెంట్‌లో చివరి నాలుగు టీముల దశ). నా క్యాండిడేట్ జాన్ వుడెన్, యూసీఎల్‌ఏలో 1964 నుంచి 1975 దాకా 12 ఏళ్లలో 10 టైటిళ్లు, అందులో వరసగా 7. కాన్సస్‌లో కూర్చుని కాన్సస్ కోచ్‌ని కాకుండా యూసీఎల్‌ఏ వాణ్ని ఎంచుకోవడం కొంచెం ద్రోహమే, అయినా ఏం చేస్తాం.

వాడి పాయింట్ బలంగానే ఉంది. వుడెన్ రోజుల్లో టోర్నమెంట్‌కి పాతిక టీములో, ఇంచుమించు అంతేనో ఉండేవి, నాలుగైదు మ్యాచ్‌లు గెలిస్తే కప్పు చేతికొచ్చేది. 1985 నుంచి కనీసం 64 టీములు, ఆరు మ్యాచ్‌లు, ఒక్క రాత్రి షాట్లు పడకపోతే ఇంటికే. పైగా అప్పట్లో టీముల్ని ప్రాంతాల వారీగా పంచేవారు, యూసీఎల్‌ఏకి పశ్చిమం వైపు దారి తేలిక. ఇవన్నీ నిజమే. కానీ అవతలి వైపు ఒక విషయం ఎవరూ చెప్పరు. 1975కి ముందు ఒక కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడే లీగ్) నుంచి ఒక్క టీమ్‌కే ప్రవేశం. 1971లో యూసీఎల్‌ఏ లీగ్‌లోనే ఉన్న యూఎస్‌సీ 24–2తో సీజన్ ముగించింది, ఆ రెండు ఓటములూ యూసీఎల్‌ఏ చేతిలోనే, అంత టీమ్‌కి టోర్నమెంట్‌లో చోటే లేదు. ఇవాళైతే టాప్ సీడ్ ఇచ్చి కూర్చోబెడతారు. అంటే టోర్నమెంట్ చిన్నదే, కానీ లీగ్‌లో రెండో స్థానం వస్తే సంవత్సరం మొత్తం నీళ్లలో పోసినట్టే. ఆ ఒత్తిడిని ఏ లెక్కలో వేస్తారు?

"వుడెన్‌కి ఆల్సిండర్ ఉన్నాడు, వాల్టన్ ఉన్నాడు, ఎవడైనా గెలుస్తాడు" అన్నాడు. ఇది ప్రతి చోటా వినే మాట. దీనికి నా జవాబు మాత్రం నేనింకెక్కడా వినలేదు, అందుకే కాస్త గర్వంగా చెప్తున్నాను. ల్యూ ఆల్సిండర్, అదే తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్, మూడు టైటిళ్లు: 67, 68, 69. బిల్ వాల్టన్ రెండు: 72, 73. పదిలోంచి ఈ ఐదూ తీసేయండి. 1964, 65, 70, 71, 75 మిగిలాయి. ఐదు. కోచ్ కే కెరీర్ మొత్తం గెలిచినవి కూడా ఐదే! అంటే చరిత్రలో అత్యంత గొప్ప సెంటర్లు ఇద్దరినీ వుడెన్ దగ్గర్నుంచి లాగేసినా అతను కోచ్ కే పక్కన నిలబడతాడు. 1964 టీమ్‌లో స్టార్టర్లు ఒక్కరూ ఆరడుగుల ఐదంగుళాలు దాటలేదు, కోర్టు మొత్తం వెంటపడి అడ్డుకునే ఫుల్ కోర్ట్ ప్రెస్‌తో అవతలివాళ్లని ఊపిరి పీల్చుకోనివ్వకుండా 30–0తో సీజన్ ముగించారు. పొడుగు సెంటర్ ఉంటేనే గెలుస్తాడన్న మాట అక్కడే తేలిపోయింది.

వాడు కాసేపు ఫోన్‌లో వెతుక్కుని సామ్ గిల్బర్ట్ పేరు తీశాడు. యూసీఎల్‌ఏ ఆటగాళ్లకి రూల్స్‌కి విరుద్ధంగా సాయాలు చేశాడని పేరు పడ్డ బూస్టర్, అంటే టీమ్‌కి అండగా నిలిచే డబ్బున్న అభిమాని, ఆయన. 1981లో యూసీఎల్‌ఏకి ఎన్‌సీఏఏ శిక్ష వేసింది, అప్పటికి వుడెన్ దిగిపోయి ఆరేళ్లు. ఇది కొట్టిపారేయాల్సిన విషయం కాదు, వుడెన్ గురించి మాట్లాడే ఎవరైనా తడుముకోవాల్సిందే. కానీ ఆ తరాజు పట్టుకుంటే చాలామంది తూకం తగ్గుతుంది. 2008లో సెల్ఫ్ చేతిలో ఓడిన మెంఫిస్ సీజన్ మొత్తం తర్వాత రద్దయింది. సెల్ఫ్ సొంత టీమ్‌కి కూడా 2018 ఫైనల్ ఫోర్, దాంతో పాటు 15 గెలుపులు 2023లో రికార్డుల్లోంచి పోయాయి. మ్యాచ్ జరిగింది, మనం చూశాం, చప్పట్లు కొట్టాం, కాగితం మీద మాత్రం జరగలేదు. 1922లో జరగని ఫైనల్‌కి బ్యానర్ ఉంది, 2018లో మనం టీవీలో చూసిన ఫైనల్ ఫోర్ రికార్డుల్లో లేదు. ఈ హాల్లో కూర్చుని ఆ రెండూ పక్కపక్కన పెట్టి ఆలోచిస్తే భలే తమాషాగా ఉంటుంది.

ఇక ప్లేయర్లు. ఈ విషయంలో కాన్సస్ చేతిలో మంచి ముక్కలే ఉన్నాయి. క్లైడ్ లవ్‌లెట్ 1952లో దేశంలో టాప్ స్కోరర్, అదే ఏడాది టైటిల్, ఆ రెండూ ఒకే సీజన్లో చేసినవాడు ఇంకెవడూ లేడు. విచిత్రం ఏమిటంటే ఇంత ఘనత ఉన్న మనిషి పేరు వాదనల్లో ఎవరి నోటా రాదు. విల్ట్ చాంబర్లెన్ పేరు మాత్రం అందరి నోటా వస్తుంది. 1956 డిసెంబర్‌లో నార్త్‌వెస్టర్న్ మీద మొదటి మ్యాచ్‌లోనే 52 పాయింట్లు, 31 రీబౌండ్లు. అతన్ని కాన్సస్‌కి తెచ్చింది ఆలెన్, కానీ అప్పటికి ఆలెన్‌కి 70 ఏళ్లు నిండడంతో రూల్ ప్రకారం రిటైర్ చేసేశారు, విల్ట్‌తో ఒక్క వర్సిటీ (కాలేజీ ప్రధాన టీమ్) మ్యాచ్ కూడా ఆడించలేకపోయాడు. 1957 ఫైనల్ మూడు ఓవర్‌టైమ్‌లు, నార్త్ కరోలినా 54–53. ఆ రోజు జంప్ బాల్‌కి ఏడడుగుల విల్ట్ ఎదురుగా ఆరడుగులు కూడా లేని టామీ కెర్న్స్‌ని నిలబెట్టాడు మెగ్వైర్, ఎలాగూ ఎవడూ అందుకోలేడు కాబట్టి కనీసం అతని బుర్రతో ఆడుకుందామని. ఆలెన్ బెంచ్ మీద ఉండుంటే ఏమయ్యేది అని ఇక్కడ ఇప్పటికీ మాట్లాడుకుంటారు. విల్ట్ ఆ ఓటమి బరువు మోసుకుని దశాబ్దాల పాటు ఇటు పెద్దగా రాలేదు. 1998 జనవరిలో 13వ నంబర్ జెర్సీ రిటైర్ చేసినప్పుడు కాలేజీ రోజుల లెటర్ జాకెట్ వేసుకుని వచ్చాడు, జనం నిలబడి చప్పట్లు కొట్టారు. మరుసటేడే చనిపోయాడు. ఆ జెర్సీ పైన వేలాడుతుంటుంది, చూడండి.

డానీ మ్యానింగ్ 1988 ఫైనల్లో 31 పాయింట్లు, 18 రీబౌండ్లు. 11 మ్యాచ్‌లు ఓడిన టీమ్, ఆరో సీడ్, అయినా టైటిల్ కొట్టింది. ఒక్కడు టీమ్‌ని భుజాన వేసుకుని మోయడం అంటే ఇదే, అన్ని ఓటములతో ఇంకెవరూ ఛాంపియన్ కాలేదు. అంత చేసినా నా ఓటు ఆల్సిండర్‌కే: మూడేళ్లలో 88–2, మూడు టైటిళ్లు, మూడుసార్లు ఫైనల్ ఫోర్ బెస్ట్ ప్లేయర్. అప్పట్లో ఫ్రెష్‌మన్‌లు, అంటే మొదటి ఏడాది విద్యార్థులు, వర్సిటీ ఆడకూడదు, లేకపోతే నాలుగు. అతను ఒక సీజన్ ఆడాక డంక్‌నే (ఎగిరి బంతిని నేరుగా బాస్కెట్‌లోకి కుక్కడం) నిషేధించారు, 1976 దాకా తియ్యలేదు. ఒక మనిషి వల్ల ఆట రూల్ మారిందన్న పేరు వచ్చిందంటే ఇంక వాదన ఎందుకు? "మా డ్యూక్ లేట్‌నర్ కెంటకీ మీద 10కి 10 షాట్లు, 10కి 10 ఫ్రీ త్రోలు వేశాడు బావా" అన్నాడు మావాడు. గొప్పే, కాదన్నదెవరు, కానీ అది ఒక రాత్రి సంగతి.

మా అమ్మాయి అప్పటిదాకా మా గోల భరించి, లినెట్ వుడార్డ్ జెర్సీ దగ్గర ఆగింది. "మామయ్యా, కెయిట్లిన్ క్లార్క్ బ్రేక్ చేసింది ఈవిడ రికార్డే కదా?" అంది. వాడికి తెలియదు. 1978 నుంచి 1981 దాకా కాన్సస్‌కి ఆడి వుడార్డ్ 3,649 పాయింట్లు చేసింది. ఆ రోజుల్లో మహిళల కాలేజ్ ఆటలు ఏఐఏడబ్ల్యూ అనే వేరే సంస్థ కింద ఉండేవి, కాబట్టి ఎన్‌సీఏఏ ఆ పాయింట్లని తన రికార్డుల్లో వేసుకోలేదు. 2024 ఫిబ్రవరి చివర్లో ఐయోవా ప్లేయర్ క్లార్క్ ఆ సంఖ్య దాటింది. కొన్ని రోజులకే మగవాళ్లలో టాప్ స్కోరర్ పీట్ మారవిచ్ 3,667 కూడా దాటేసింది, ఊరంతా సంబరం అప్పుడే. మారవిచ్‌ది మూడు సీజన్లలోనే, త్రీ పాయింట్ లైన్ లేని రోజుల్లో, మ్యాచ్‌కి 44.2 చొప్పున. క్లార్క్ నాలుగేళ్లు ఆడింది, ఆ లైన్ అవతల నుంచే బతికింది. మరి ఎవరిది గొప్ప? మా అమ్మాయి మాత్రం "కొట్టిన బాస్కెట్ కొట్టినట్టే కదా, వుడార్డ్‌ది ఎందుకు కౌంట్ చెయ్యలేదు" అని అక్కడే నిలబడిపోయింది. 1922 టైటిల్‌కి బ్యానర్ కుట్టించే మనుషులు ఈ 3,649 సంఖ్యని ఆ జెర్సీ పక్కన మనిషెత్తు అక్షరాల్లో రాయాలి నా లెక్కలో.

ఇదొక్కటే కాదు, వాదనల్లో ఆడవాళ్ల కోచ్‌లని అసలు తేకపోవడం మనందరి అలవాటు. కోచ్ కే 1,202 అని ఊరేగిస్తాం, కనెక్టికట్ మహిళల టీమ్ కోచ్ జీనో ఆరియెమా 2024 నవంబర్‌లోనే 1,217 గెలుపులు దాటేసి, మరుసటేడు ఆ టీమ్‌కి 12వ టైటిల్ తెచ్చాడు. టెనెస్సీ మహిళల టీమ్ కోచ్ పాట్ సమ్మిట్ 1,098 గెలుపులు, 8 టైటిళ్లు. వుడెన్ పదితో వాదించేవాడు జీనో పన్నెండుకి జవాబు చెప్పాలి. నా దగ్గర ఇంకా గట్టి జవాబు లేదు, మావాడి దగ్గరా లేదు. ఇద్దరం కాసేపు బ్యానర్లు చూశాం.

డ్యూక్ అభిమానుల్ని తీసుకెళ్లేవాళ్లకి ఒక ప్రత్యేక హెచ్చరిక. లోపల పైన కనిపించే "బివేర్ ఆఫ్ ద ఫాగ్" (ఫాగ్‌తో జాగ్రత్త) బ్యానర్ పుట్టింది 1988 ఫిబ్రవరిలో, హాస్టల్ షవర్ కర్టెన్లు కలిపి విద్యార్థులు తయారు చేశారు, ఏ మ్యాచ్ కోసమో తెలుసా, డ్యూక్ మ్యాచ్ కోసమే. అంత హడావిడి చేసి ఆ రోజు ఓవర్‌టైమ్‌లో ఓడిపోయారు. ఈ కథ తెలియగానే మావాడి ముఖం వెలిగిపోయింది. పైగా కోచ్ కే మొదటి టైటిల్ 1991లో ఈ కాన్సస్ మీదే, 72–65. అయితే 1988 ఫైనల్ ఫోర్‌లో ఇదే డ్యూక్‌ని 66–59తో కాన్సస్ ఇంటికి పంపిందని కూడా మర్చిపోకుండా చెప్పండి. 2022లో కోచ్ కే చివరి మ్యాచ్ నార్త్ కరోలినా చేతిలో 81–77 ఓటమి, రెండు రోజుల తర్వాత అదే నార్త్ కరోలినా మీద హాఫ్‌టైమ్‌కి 15 పాయింట్లు వెనకబడి కూడా కాన్సస్ 72–69తో టైటిల్ కొట్టింది. ఇది చెప్పాక మావాడు కారెక్కేదాకా నాతో మాట్లాడలేదు.

మ్యాచ్ రోజు అనుభవం పూర్తిగా వేరు. 1955 నాటి బిల్డింగ్, ఇప్పుడు దాదాపు 15,300 మంది పడతారు, 2017లో వెస్ట్ వర్జీనియా మ్యాచ్‌కి 130.4 డెసిబెల్స్‌తో గిన్నిస్ రికార్డు కొట్టిన జనం. అవతలి టీమ్‌ని పరిచయం చేసేటప్పుడు విద్యార్థులందరూ న్యూస్‌పేపర్ మొహాలకి అడ్డం పెట్టుకుని చదువుతున్నట్టు నటిస్తారు, అదొక్కటి చూడ్డానికైనా వెళ్లొచ్చు. "రాక్ చాక్" అనే కాన్సస్ నినాదాన్ని నెమ్మదిగా సాగదీసి పాడతారు, గెలుపు ఖాయమయ్యాక పాడితే అవతలివాడికి ఒళ్లు మండుతుంది. కానీ టికెట్ దొరకడం కష్టం, పెద్ద టీమ్ వస్తే రీసేల్‌లో రేట్లు చూసి టెన్షన్ వస్తుంది. పాత బిల్డింగ్ కాబట్టి మోకాళ్లకి చోటు తక్కువ, పొడుగువాళ్లు ఇబ్బంది పడతారు. వాదించుకోవడానికైతే మ్యాచ్ రోజు పనికిరాదు, పక్కవాడి మాట వినపడదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. క్యాంపస్ పార్కింగ్ కొత్తవాళ్లకి తికమక, ఫీల్డ్‌హౌస్ పక్కనున్న గ్యారేజ్‌లో డబ్బు కట్టి పెట్టేసుకోవడం మేలు. ఫీల్డ్‌హౌస్‌లో ఏదైనా కార్యక్రమం ఉంటే లోపలికి వదలరు, అందుకని బయల్దేరే ముందు వెబ్‌సైట్ చూసుకోండి. బూత్ హాల్‌లో బాస్కెట్‌బాల్ ఒక్కటే కాదు, మిగతా ఆటలూ ఉన్నాయి, ఆసక్తి లేకపోతే అవి దాటుకుంటూ పోవచ్చు. బాస్కెట్‌బాల్ అంటే ఏమీ తెలియని వాళ్లని బలవంతంగా తీసుకెళ్లకండి, వాళ్లకి అది రెండు పాత కాగితాలు, కొన్ని గుడ్డముక్కలు, ఒక విగ్రహం. మా ఆవిడ రానని ముందే తెలివిగా తప్పుకుంది.

నా మార్కులు ఐదుకి నాలుగున్నర. పోయిన అర మార్కు వుడార్డ్ ఖాతాలోది. ఆ సంఖ్య పెద్దగా రాసిన రోజున వచ్చి రివ్యూ సవరిస్తాను. వెళ్లేవాళ్లకి నా సలహా: మీతో ఏకీభవించని మనిషిని ఒకణ్ని వెంట తీసుకెళ్లండి, కెంటకీ వాడైతే ఇంకా మంచిది, ఎందుకంటే రప్ ఫొటో దగ్గర వాడికీ మీకూ వాదన కనీసం అరగంట నడుస్తుంది. 1966 ఫైనల్లో ఐదుగురు నల్లజాతి స్టార్టర్లతో వచ్చిన టెక్సస్ వెస్టర్న్ చేతిలో రప్ టీమ్ 72–65తో ఓడిన సంగతి ఎవరు ముందు ఎత్తుతారో చూసుకోండి. అక్టోబర్‌లో "లేట్ నైట్ ఇన్ ద ఫాగ్" అని సీజన్ మొదలుపెట్టే వేడుక ఒకటుంటుంది, మ్యాచ్ టికెట్ దొరకనివాళ్లు దానికి ప్లాన్ చేసుకోండి, తలుపులు తెరిచేసరికే లైను చాలా పొడుగుంటుంది.